పాత క్యాసెట్లు, కొత్త ఫోన్లు: పాటను దాచుకోవడం ఎలా?

వార్షికోత్సవ సంచికకు పదిమందికీ పనికొచ్చే వ్యాసం ఏదైనా రాయమని సంపాదక వర్గంలోని తమ్ముళ్ళు అడిగారు. పోటీ పరీక్షల గురించి, ఇంటర్వ్యూల గురించి రాయగలిగినవాళ్ళు మన పూర్వ విద్యార్థుల్లో చాలామంది ఉన్నారు. నేను పాటల గురించి రాస్తాను. పాడటం గురించి కాదు, దాచుకోవడం గురించి.

హాస్టల్ విద్యార్థి జేబులో డబ్బులు లేని రోజులున్నాయి గానీ పాట లేని రోజులు లేవు. 1990లలో వరండా మొత్తానికి ఒకే టూ ఇన్ వన్ ఉండేది, దాని చుట్టూ ఇరవై మంది. తర్వాత ఎంపీత్రీ సీడీలు వచ్చాయి. అమీర్‌పేటకు కంప్యూటర్ కోర్సులకు వెళ్ళే సీనియర్లు సీడీలు రైట్ చేయించుకుని తెచ్చేవారు. ఒక్క సీడీలో నూటయాభై పాటలంటే మాకు ఆశ్చర్యం. 2006లో హైదరాబాద్‌లో ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లు మొదలయ్యాయి. ఆ తర్వాత మెమరీ కార్డుల కాలం. సెల్ షాపులో పదో ఇరవయ్యో ఇస్తే కార్డు నిండా పాటలు ఎక్కించి ఇచ్చేవారు. ఇప్పుడు అదీ అక్కర్లేదు. లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేలోపు ఏ సినిమా పాటైనా వెతుక్కుని వినేయవచ్చు.

సినిమా పాటకు కాపలా ఉంది. దానికి ఆడియో కంపెనీ ఉంది, రేడియో ఉంది, లక్షల ఫోన్లున్నాయి. మన దగ్గరి కాపీ పోయినా పాట పోదు. అయినా యాప్‌లో గుండె గుర్తు నొక్కినంత మాత్రాన పాట మన సొంతమైందనుకోకూడదు. చందా కట్టి, రిసీవర్ కొని 'స్పందన' తెలుగు ఛానెల్ విన్నవాళ్ళకు 2009 డిసెంబర్ 31 గుర్తుండే ఉంటుంది. ఆ రోజుతో వరల్డ్‌స్పేస్ ఉపగ్రహ రేడియో మన దేశంలో ఆగిపోయింది. 2020 చివర్లో గూగుల్ ప్లే మ్యూజిక్ కూడా మూతపడింది. అక్కడ అద్దెకున్నట్టు మాత్రమే ఉంటాం.

మరి ఏ యాప్‌లోనూ లేని పాటల సంగతి? నాట్లేసేటప్పుడు మన అమ్మలు పాడినవి, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ మన ఊరివాళ్ళే కట్టుకున్నవి, పెళ్ళి ఊరేగింపులో మన బాబాయిలు కొట్టిన డప్పు, ఏప్రిల్ 14న జయంతి సభలో హాస్టల్ పిల్లలు పాడినవి. వీటికి కంపెనీ లేదు, కాపీ లేదు. ఎవరింట్లోనో అటక మీద ఒక్క క్యాసెట్ ఉంటుంది. అది పోతే అంతే.

టేపులోకి ఎక్కడం వల్ల ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. పల్నాటి వీరుల కథను తరతరాలుగా పాడుతూ వచ్చినవాళ్ళు మాల కులానికి చెందిన వీరవిద్యావంతులు. 1970లలో జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు పల్నాడు వచ్చి, అలిశెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడుతుంటే టేపుల మీద రికార్డు చేసుకున్నాడు. ఆ గానమే ఆధారంగా 1982లో ఇంగ్లీషులో పుస్తకం వచ్చింది. గాలెయ్య గారి పేరు ప్రపంచంలోని విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలకు చేరింది. ఆయనలాంటి గాయకులు మన జిల్లాల్లో ఎంతమంది లేరు? టేప్‌రికార్డర్ పట్టుకుని వచ్చినవాళ్ళు తక్కువ.

మా ఇంట్లోనూ అలాంటి క్యాసెట్ ఒకటి ఉంది. మా మేనమామ దుబాయ్‌లో పనిచేసే రోజుల్లో మా అమ్మమ్మకు చదువు రాదు కాబట్టి ఉత్తరానికి బదులు క్యాసెట్ పంపేది. గల్ఫ్‌కు వలస వెళ్ళిన చాలా కుటుంబాల్లో అప్పుడు ఇదే పద్ధతి. ఊరి నుంచి ఎవరైనా వెళ్తుంటే బట్టల మధ్య పెట్టి పంపేవారు. బర్రె ఈనిన సంగతి, అప్పు సంగతి, పక్కింటివాళ్ళతో గట్టు తగాదా అన్నీ చెప్పి, చివర్లో రిబ్బన్ మిగిలితే ఒక పాట. మామ తిరిగి వచ్చేటప్పుడు ఆ క్యాసెట్ వెంట తెచ్చాడు. అమ్మమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఫొటో ఒకటుంది గానీ, ఆమె నవ్వు మాత్రం అందులోనే ఉంది. మేం తీసి చూసేసరికి రిబ్బన్ అంచున తెల్లగా బూజు పట్టింది. అరవై నిమిషాల్లో నలభై దాకా దక్కాయి. ఎలా దక్కాయో చెబితే మీ ఇళ్ళలోని వాటికి పనికొస్తుంది.

ముందు క్యాసెట్ అంటే ఏమిటో చూద్దాం. ఫిలిప్స్ కంపెనీ 1963లో దీన్ని బయటపెట్టింది. లోపలి ప్లాస్టిక్ రిబ్బన్ మీద ఇనుప ఆక్సైడ్ పొడి, అంటే దాదాపు తుప్పే, పూసి ఉంటుంది. గొంతు గాలిని కదిలిస్తుంది, మైకు ఆ కదలికను కరెంటుగా మారుస్తుంది, హెడ్ ఆ కరెంటును రిబ్బన్ మీద అయస్కాంత గుర్తులుగా వేస్తుంది. ఆ పొడి రాలితే గొంతు రాలినట్టే. చెమ్మ, ఎండ, స్పీకర్ల వెనకుండే అయస్కాంతం, ఈ మూడూ దానికి పడవు. స్పీకర్ పెట్టె మీద క్యాసెట్లు పేర్చే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. ముందు అక్కణ్ణుంచి తీయండి.

పాత క్యాసెట్‌ను ప్లేయర్‌లో పెట్టే ముందు దాని వీపు మీద చూడండి. రెండు మూలల్లో రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి. అవి విరిచేసి ఉంటే దాని మీద కొత్తగా రికార్డు కాదు. విరవకుండా ఉంటే ఇప్పుడే విరిచేయండి. ఇంట్లో చిన్నపిల్లలు ఎర్ర బటన్ నొక్కితే అమ్మమ్మ గొంతు మీద టీవీ సీరియల్ ఎక్కుతుంది. ఎప్పుడో ఎవరో ఆ కన్నాల మీద స్టిక్కర్ అంటించి ఉంటే అదీ పీకేయండి. రిబ్బన్ వదులైతే పెన్సిల్ పెట్టి తిప్పడం మీకు కొత్త కాదు. బూజు పట్టినదాన్ని మాత్రం వెంటనే ప్లే చేయొద్దు. ఆ బూజు హెడ్‌కు అంటుకుని తర్వాతి క్యాసెట్లకూ పాకుతుంది. మేం రిబ్బన్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ, మెత్తటి పొడిబట్టతో ఒత్తకుండా తుడిచాం. రెండు సాయంత్రాలు పట్టింది. ప్లేయర్ హెడ్‌ను, దాని పక్కనున్న రబ్బరు చక్రాన్ని దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవాలి. తడి ఆరాకే క్యాసెట్ పెట్టాలి. ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్ళీ వెనక్కు తిప్పితే అతుక్కున్న పొరలు విడతాయి.

ప్లేయర్ కావాలిగా. నేను నా పాత డెక్‌ను ఎర్రగడ్డ ఆదివారం అంగడిలో బేరమాడి కొన్నాను. క్యాసెట్‌ను నేరుగా ఎంపీత్రీగా మారుస్తాయని అమ్మే చవక రకం బొమ్మ ప్లేయర్లు నాకు నచ్చలేదు. మోటారు నిలకడగా తిరగక గొంతు ఊగుతుంది. బెల్టు మార్పించిన పాత డెక్కే మేలు. డెక్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌కు ఒక కేబుల్ వేస్తే చాలు, కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. లైన్ ఇన్ లేని ల్యాప్‌టాప్‌కు ఇన్‌పుట్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కావాలి. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. రికార్డు చేసేటప్పుడు తెర మీది గీతలు పైఅంచును తాకకూడదు. తాకితే శబ్దం నరికినట్టవుతుంది, తర్వాత ఏం చేసినా బాగుపడదు. కాస్త తక్కువగా ఉంటే మాత్రం తర్వాత పెంచుకోవచ్చు.

ఇక్కడ కంప్యూటర్ చేసే పని కొలవడం. వచ్చే కరెంటు ఎత్తుపల్లాలను సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. మనిషి చెవి సెకనుకు 20,000 కంపనాల దాకా వినగలదు కాబట్టి, దానికి రెండింతలకు కాస్త పైగా పెట్టారు. సీడీకి కూడా ఇదే లెక్క. ఇలా అన్నీ ఉన్నవి ఉన్నట్టు దాచేది వేవ్ ఫైలు. నిమిషానికి సుమారు 10 ఎంబీ, గంట క్యాసెట్‌కు 600 ఎంబీ పైచిలుకు.

ఎంపీత్రీ వేరే రకం. పక్కన డప్పు మోగుతుంటే మనిషి మాట్లాడే మాట మనకు వినబడదు కదా. అలా పెద్ద శబ్దం కింద మునిగిపోయే చిన్న శబ్దాలను వెతికి, చెవికి ఎలాగూ తెలియదని పారేస్తుంది. అందుకే 128 కిలోబిట్ల ఎంపీత్రీ నిమిషానికి 1 ఎంబీతో సరిపెట్టుకుంటుంది. వినడానికి అది బాగానే ఉంటుంది. దాచడానికి మాత్రం వేవ్ ఫైలే ఉంచండి. పారేసిన శబ్దం మళ్ళీ రాదు. 128ని 320కి మార్చి 'క్వాలిటీ పెంచాం' అనేవాళ్ళను నమ్మకండి. పలచటి మజ్జిగను పెద్ద గిన్నెలో పోసినంత మాత్రాన పెరుగు కాదు.

పెట్టెల మీద రాసే వాట్ల సంగతీ ఇలాంటిదే. స్పీకర్ అట్టపెట్టె మీద 'పీఎంపీఓ 2000 వాట్లు' అని ఉంటుంది. దాని అడాప్టర్ తిప్పి చూడండి. 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే గుణించండి: 24 వాట్లు. అడాప్టర్ ఇచ్చినదానికంటే ఎక్కువ స్పీకర్ నుంచి నిలకడగా ఎలా వస్తుంది? ఇంటర్ ఫిజిక్స్ చదివే తమ్ముళ్ళకు ఈ లెక్క నేను చెప్పాల్సిన పనిలేదు. కొనేటప్పుడు ఆర్ఎంఎస్ వాట్లు ఎన్నో అడగండి.

ఫైలు తయారయ్యాక అందరూ వదిలేసే పని పేరు పెట్టడం. ఒకప్పుడు మెమరీ కార్డులో పాట పాడినవాళ్ళ పేరు ఉండాల్సిన చోట ఏదో వెబ్‌సైట్ పేరు ఉండేది. మన ఇంటి పాటలకు 'న్యూ రికార్డింగ్ 7' అని ఉంటుంది. పదేళ్ళ తర్వాత అది ఎవరి గొంతో మనకే తెలియదు. ముందు సంవత్సరం, తర్వాత ఊరు, పాడినవారు, పాట మొదటి రెండు మాటలు, ఈ వరసలో పెడితే ఫైళ్ళు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. యూనికోడ్‌లో తెలుగులోనే పెట్టవచ్చు. పాత కారు స్టీరియోల్లో అవి డబ్బాలుగా కనబడితే కనబడనీయండి. పాట సందర్భం, అందులోని పల్లెమాటల అర్థం ఒక కాగితం మీద రాయించండి. అది పెద్దవాళ్ళు ఉండగానే చేయాల్సిన పని.

కాపీలు మూడు ఉండాలి. రెండు వేర్వేరు వస్తువుల మీద, అంటే ఒకటి హార్డ్ డిస్క్‌లో, ఒకటి పెన్ డ్రైవ్‌లో. మూడోది వేరే ఊళ్ళో తమ్ముడి దగ్గరో, ఆన్‌లైన్ ఖాతాలోనో. పెన్ డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, అది చెప్పకుండా పోతుంది. సొంతంగా రైట్ చేసిన సీడీల రంగు పొర కూడా ఏళ్ళు గడిచేకొద్దీ చెడుతుంది. 2000లలో రైట్ చేసినవి ఉంటే ఇప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కించండి.

సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు కొత్తగా రికార్డు చేయాలంటే ఫోన్ చాలు. ఫ్యాన్ ఆపండి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మడతపెట్టిన తువ్వాలు మీద వాళ్ళకు రెండడుగుల దూరంలో ఉంచండి. ముందు వాళ్ళ పేరు, ఊరు వాళ్ళ నోటే చెప్పించండి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే శబ్దం బాగా కుదించుకుపోతుంది. రికార్డర్‌లో తీసిన ఫైలును డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. నలుగురికీ పంపేముందు పాడినవాళ్ళను అడగండి. ఏడుపు పాట, తిట్టు పాట ఊరంతా వినడం వాళ్ళకు ఇష్టం ఉండకపోవచ్చు.

మన హాస్టల్ పాత వార్షికోత్సవాల క్యాసెట్లు పూర్వ విద్యార్థుల ఇళ్ళలో ఉన్నాయని విన్నాను. ఈసారి ఫంక్షన్ రోజు ఉదయం నుంచి రీడింగ్ రూములో డెక్, ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటాను. గంట క్యాసెట్‌కు గంట పడుతుంది, తొందరపెడితే కుదరదు. కాబట్టి ఆ రోజుకు ఐదారుకు మించి కావు. దూరపు జిల్లాల నుంచి వచ్చేవాళ్ళవి ముందు చేస్తాను, నగరంలో ఉన్నవాళ్ళు తర్వాత ఆదివారాల్లో తెచ్చుకోండి. పలకలు విరిచి, అట్ట మీద పేరూ ఊరూ రాసి తెండి. పెన్ డ్రైవ్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.