వర్గప్రమేయం – రేఖాచిత్రం: పారిభాషిక పదాల పరిశీలన

1. ఉపోద్ఘాతం

తెలుగులో గణితరచనకు దాదాపు వేయేళ్ల చరిత్ర ఉంది. 9వ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుని సంస్కృత ‘గణితసారసంగ్రహా’న్ని పావులూరి మల్లన ‘సారసంగ్రహ గణితము’గా తెనిగించాడు. నేడు ఏర్పేడు మండలంలో ఐ.ఐ.టి., ఐసర్ ప్రాంగణాలు ఉన్నాయి. చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి వాటిలో ప్రవేశం పొందాలంటే పట్టు సాధించవలసిన పాఠాలలో వర్గప్రమేయం ఒకటి. ఆ పాఠంలోని పదాలు భావానికి ఎక్కడ దారి చూపుతున్నాయో, ఎక్కడ పక్కదారి పట్టిస్తున్నాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వర్గం, ప్రమేయం

వాడుకలో ‘వర్గం’ అంటే సమూహం. గణితంలో ఒక సంఖ్యను అదే సంఖ్యతో గుణించగా వచ్చే లబ్ధం. ‘ప్రమేయం’ వాడుకలో జోక్యం, న్యాయదర్శనంలో తెలుసుకోదగినది, హిందీ గణితంలో సిద్ధాంతం. తెలుగు గణితంలో మాత్రం, ఒక రాశి విలువనుబట్టి మరొక రాశి విలువను ఏకైకంగా నిర్ణయించే నియమం.

3. ఉదాహరణ

40 మీటర్ల కంచెతో దీర్ఘచతురస్రాకారంలో గొర్రెల దొడ్డి కట్టాలనుకుందాం. ఒక భుజం ‘చ’ మీటర్లయితే పక్కభుజం (20 − చ) మీటర్లు. వైశాల్యం ‘వ’ అయితే,

వ = చ(20 − చ) = 20చ − చ²

వర్గపూర్తి చేస్తే, వ = 100 − (చ − 10)²

వాస్తవ సంఖ్య వర్గం ఎన్నడూ ఋణం కాదు. కనుక వైశాల్యం 100 చదరపు మీటర్లను మించదు. చ = 10 అయినప్పుడే, అంటే దొడ్డి చతురస్రమైనప్పుడే, ఆ గరిష్ఠ విలువ వస్తుంది. (10, 100) బిందువు శీర్షం. భుజం 10 కంటే 2 మీటర్లు తగ్గినా, పెరిగినా వైశాల్యం 96. అందువల్ల చ = 10 అనే నిలువుగీత సౌష్ఠవాక్షం. వైశాల్యం సున్న అయ్యే 0, 20 విలువలు ప్రమేయపు శూన్యాలు. చ² గుణకం ఋణం కనుక వక్రం కిందికి తెరుచుకుంటుంది; ధనమైతే పైకి తెరుచుకుంటుంది.

4. శీర్షం, పరావలయం, విచక్షణి

‘శీర్షం’ అంటే తల. పై ఉదాహరణకు ఆ మాట చక్కగా అమరింది. వక్రం పైకి తెరుచుకున్నప్పుడు మాత్రం శీర్షమే అన్నిటికంటే దిగువ బిందువు. కాబట్టి దానిని ‘వక్రం మలుపు తిరిగే చోటు’గా వివరించడం మేలు. ‘పరావలయం’లో వలయం ఉన్నా ఆ వక్రం ఎక్కడా మూసుకోదు.

‘విచక్షణి’ సార్థకమైన పదం. వైశాల్యం 96 కావాలంటే భుజం 8 లేదా 12, విచక్షణి 16. వైశాల్యం 100 కావాలంటే భుజం 10 ఒక్కటే, విచక్షణి 0. వైశాల్యం 104 కావాలంటే సమీకరణం చ² − 20చ + 104 = 0; విచక్షణి 400 − 416 = −16. ఋణరాశి స్వభావరీత్యా వర్గం కాదు కనుక దానికి వర్గమూలం లేదని మహావీరాచార్యుడు పేర్కొన్నాడు. రేఖాచిత్రమూ అదే చెబుతుంది: 104 ఎత్తున గీసిన అడ్డగీత వక్రాన్ని తాకదు. మూలాలు రెండా, ఒకటా, వాస్తవ మూలాలే లేవా అన్నది వేరుచేసి చూపుతుంది కనుకనే అది విచక్షణి.

5. ముగింపు

ఇంటర్మీడియట్ గణితంలో ‘వర్గ సమాసాలు’ చదివే విద్యార్థి, తెలుగు తరగతిలో ‘సమాసం’ అన్న మాటనే వేరే అర్థంలో నేర్చుకుంటాడు. ఈ రెండర్థాల మధ్య దూరాన్ని ఎవరూ చెప్పకపోతే నిర్వచనం కంఠస్థమవుతుంది గాని భావం అందదు. పారిభాషిక పదం వ్యుత్పత్తినీ, వాడుకార్థాన్నీ, శాస్త్రార్థాన్నీ పక్కపక్కన ఉంచి చూపడం తెలుగు అధ్యాపకులు, గణితాధ్యాపకులు కలిసి చేపట్టవలసిన పని.