బహుమతి కుక్కా, మన ఎండా

ప్రదర్శనల్లో బహుమతులు కొట్టే జాతి కుక్కే కావాలని మా పిల్లల పోరు. "హస్కీని తెద్దాం బాపూ!" అంటారు. అది సైబీరియా మంచులో బండి లాగే జీవం. ఒంటిమీద రెండు పొరల బొచ్చు. మాదేమో కరీంనగరం. పక్కనున్న రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దాని విసనకర్ర. చప్పిడి ముక్కు పగ్‌కు ఆ రొప్పడమూ కష్టమే.

నా మనసు మాత్రం రాజపాళయం మీద ఉంది. తమిళనాడులోని ఆ ఊరి రాజులు తెలుగువారేనండీ! 2005లో తపాలా శాఖ ఈ కుక్క బొమ్మతో బిళ్ళ కూడా వేసింది. పొట్టి బొచ్చు, గులాబి ముక్కు, పాలవంటి తెలుపు. ప్రదర్శనల్లో మెచ్చేది ఆ తెలుపునే. చిక్కూ అందులోనే ఉంది: ఆ తెలుపుతోబాటు కొన్ని పిల్లలకు పుట్టుచెవుడు వస్తుంది. కనుక కొనేముందు కుక్కపిల్ల వెనక నిలబడి, దానికి కనబడకుండా చప్పట్లు కొట్టి చూడండి. తక్కిన పిల్లల నుంచి విడదీసి మరీ చూడాలి. పక్కదాన్ని చూసి చెవిటిదీ తల తిప్పుతుంది. పశువైద్యునికీ ఒకసారి చూపించండి.

ఇది వేటకుక్క. కొత్తవారిని నమ్మదు, రోజూ పరుగు కావాలి. మేడమీద రెండు గదుల్లో కాపురమైతే దీని జోలికి పోకండి.