ఆకాశమున దగ్గరి త్రోవ

పక్షియై ఎగిరిపోగలిగినచో ఆత్మకూరునుండి శ్రీశైలము 40 కిలోమీటర్లకు మించదు. బస్సు మాత్రము దోర్నాల మీదుగా నల్లమలను చుట్టి 100 కిలోమీటర్లకు పైగా పోవలెను. ఉగాదికి మల్లన్న దర్శనమునకు వచ్చు కన్నడ భక్తులు అనేకులు నేటికిని ఆత్మకూరు చేరువనున్న వెంకటాపురమునుండి నాగలూటి, పెచ్చెరువుల మీదుగా అడవిదారిన నడచిపోవుదురు. కాళ్ళు బొబ్బలెక్కినను ఆ త్రోవ దగ్గర.

ఆకాశమున కొండలు లేవు, వాగులు లేవు. విమానము గీత గీసినట్లు పోవుననియే ఎవరైనను తలంతురు. ఆ గీతను ఎక్కడ గీయవలెనన్నదే చిక్కు.

బెంగుళూరునుండి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు పటముపై తూర్పుగా, పసిఫిక్ మహాసముద్రము మీదుగా బద్దపెట్టి గీచిన దారి 16,000 కిలోమీటర్లు దాటును. ఇప్పుడొక గ్లోబు తెచ్చి, దారపు కొనలను ఆ రెండు నగరములపై నొక్కి బిగలాగుడు. దారము ఉత్తరమునకు జరిగి, సైబీరియాకు ఆవల ఆర్కిటిక్ సముద్రపు అంచును తాకును. దాని పొడవు సుమారు 14,000 కిలోమీటర్లే! గుండ్రని భూమిని చదునైన కాగితముపై పరచునపుడు ధ్రువముల దగ్గరి నేలను సాగదీయక తప్పదు. అందుచేత దగ్గరిదారి పటములో దూరముగా కనబడును.

గంటకు 900 కిలోమీటర్లు పోవు జెట్ విమానమునకు ఈ దూరము పదునైదున్నర గంటల పని. కాని 2021 జనవరి 9వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతమున శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ఎయిరిండియా విమానము, 11వ తేదీ తెల్లవారుజామున నాలుగు గంటలకు కొంచెము ముందు బెంగుళూరు చేరెను. గడియారములు చూచినచో 31 గంటలకు పైమాట. అక్కడి కాలము మనకంటె పదుమూడున్నర గంటలు వెనుకబడి యుండును గనుక, అది తీసివేయగా మిగిలినది సుమారు 18 గంటలు.

దానిని నడపినవారు నలుగురును మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వమున పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవరే, శివానీ మన్హాస్ ఉత్తరధ్రువము మీదుగా వచ్చిరి. ధ్రువము దారపు దారిలో లేదు. అటు పోయినచో సుమారు 400 కిలోమీటర్లు ఎక్కువ. అయినను లాభమున్నది. పసిఫిక్‌పై మిక్కిలి ఎత్తున, అందునను శీతకాలమున, పడమటినుండి తూర్పునకు బలమైన గాలి వీచును. పడమరకు వచ్చు విమానమునకు అది ఎదురుగాలి. వరదకృష్ణలో పుట్టిని ఎదురు నడిపినట్లే, ఇంజన్లు ఎంత శ్రమించినను ముందుకు సాగునది తక్కువ.

ధ్రువపు దారియు సులభమైనది కాదు. అక్కడ దిక్సూచి ముల్లు నమ్మరానిదగును. చలికి ఇంధనము గడ్డకట్టకుండ కనిపెట్టుచుండవలెను. ఆపద వచ్చినచో దిగుటకు విమానాశ్రయములు బహు అరుదు. ఎక్కడ దిగవలెనో బయలుదేరుటకు ముందే నిర్ణయించుకొందురు.

బెంగుళూరునుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోవు విమానమునకు పసిఫిక్ గాలి వెనుకనుండి తోడ్పడును. అందుచేత పోవునపుడు పట్టు కాలము వచ్చునపటికంటె గంటకు పైగా తక్కువ.