పోస్టుమ్యాన్ తలుపు తడితే చరిత్రే!

వత్రాప్‌లో బస్సు దిగి పడమర చూస్తే కొండలు. మనవాళ్ల ఇళ్లలో తెలుగు, బళ్లో తమిళం. పెద్దలు ఏ కాలంలో, ఏ దారిన ఇటొచ్చారని అడగండి.. ఒక్కో ఇంట ఒక్కో కథ చెబుతారు. కాగితం మీదికెక్కినవి మాత్రం తక్కువ. ఇలా నోటి మీద తిరిగే మాటల్ని ఏరి, సరిచూసి, పుస్తకాలకెక్కించిన పెద్ద విలేకరి ఒకాయన మన పక్క జిల్లాలోనే పుట్టారు. ఆయనే ఎస్.ముత్తయ్య.

శివగంగ జిల్లా పల్లత్తూర్‌లో 1930లో జననం. బాల్యం కొలంబోలో గడిచింది. అమెరికా వెళ్లి చదివింది ఇంజినీరింగే అయినా మనసు మాత్రం పత్రికల మీద. 'టైమ్స్ ఆఫ్ సిలోన్'లో పదిహేడేళ్లు పనిచేసి, 1968లో మద్రాసు చేరారు. ఇక్కడ దొరికిన కొలువు పటాలు అచ్చువేసే సంస్థలో! వీధుల పటాలు చూస్తూ చూస్తూ ఆ వీధుల పేర్ల వెనకాల పడ్డారు. 1981లో 'మద్రాస్ డిస్కవర్డ్' వచ్చింది. చిన్న పుస్తకమే. కూర్పు కూర్పుకీ లావెక్కి లావెక్కి చివరికి దిండంతయింది.

1991లో 'మద్రాస్ మ్యూజింగ్స్' పత్రిక మొదలెట్టారు. 1999 నుంచి 'హిందూ'లో సోమవారం శీర్షిక. అందులో పోస్టుమ్యాన్ తలుపు తట్టాడంటూ పాఠకుల ఉత్తరాలకు చోటిచ్చేవారు. తను రాసింది తప్పని ఎవరైనా ఆధారంతో చూపిస్తే అదీ అచ్చువేసేవారు. తప్పు ఒప్పుకోవడానికి మా విలేకరులం ఎంత వెనకాడతామో మాకు తెలుసు కదా!

ఆటల మీదా కలం పెట్టారు. 1846లో పుట్టిన మద్రాస్ క్రికెట్ క్లబ్ కథను 'ది స్పిరిట్ ఆఫ్ చెపాక్' పేరుతో 1998లో తెచ్చారు. ఆ క్లబ్ దొరలది. మనవాళ్లు ఆడటానికెళ్లినా భోజనం చెట్టు కిందే, పెవిలియన్‌లోకి రానివ్వరు. ఆ అవమానం మింగుడుపడకే 1888లో బుచ్చిబాబు నాయుడు మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టారంటారు. అసలు పేరు మోతవరపు వెంకటమహీపతి నాయుడు. అచ్చ తెలుగు ఇల్లు! దొరలకూ దేశీయులకూ నడుమ పోటీ కుదిర్చి, అది చూడకుండానే 1908లో కన్నుమూశారు.

ఆయన కొడుకుల్లో దత్తుకెళ్లిన కోటా రామస్వామిది ఇంకో వింత. 1922లో డేవిస్ కప్ టెన్నిస్ ఆడారు. 1936లో నలభై ఏళ్ల వయసులో ఇంగ్లండ్‌లో తొలి టెస్టు! రెండే టెస్టులు, 170 పరుగులు. 1985లో ఇంట్లోంచి బయటికెళ్లిన మనిషి మళ్లీ కనబడలేదు. అన్నీ రాసిపెట్టుకున్న కుటుంబంలోనే ఇలా జరిగితే, ఏమీ రాసుకోని మన సంగతేంటి?

చెన్నై పేరు మటుకు? దామెర్ల చెన్నప్ప నాయకుడి పేరు మీద వచ్చిందే. 1639లో ఇంగ్లిషు కంపెనీకి ఆ ఇసుక నేల ఇచ్చింది ఆయన కొడుకు. ఆ తేదీని గుర్తుపెట్టుకుని ఏటా ఆగస్టు 22న మద్రాస్ డే జరపడం 2004లో మొదలైంది. మొదలెట్టిన వారిలో ముత్తయ్య ఒకరు. 2002లో బ్రిటన్ ప్రభుత్వం ఆయనకు ఎంబీఈ ఇచ్చింది. 2019 ఏప్రిల్ 20న చెన్నైలో వెళ్లిపోయారు.

ఆయన రాసింది ఎక్కువగా పట్నం గురించి, అదీ ఇంగ్లిషులో. కరిసల్ సీమ దాకా రాలేదని బాధపడి లాభం లేదు. ఇక్కడి పని ఇక్కడివాళ్లదే. హాకీ ఊరని పేరున్న కోవిల్‌పట్టిలో పాత జట్ల ఫొటోలు ఇంకా కొన్ని గోడల మీద ఉన్నాయి. ముందు వరసలో కుర్చీల్లో కూర్చున్నవాళ్లను ఎవరైనా చెబుతారు. వెనకాల నిలబడ్డవాళ్ల పేర్లు తెలిసిన తాతలు ఇప్పుడు కొందరే.