సికింద్రాబాదులో మధ్యాహ్నము ఎప్పుడు?

సికింద్రాబాదులో గడియారము పన్నెండు కొట్టే వేళకు సూర్యుడు సాధారణముగా ఆనాటి అత్యున్నత స్థానమునకు చేరడు. ఫిబ్రవరి రెండవ వారములో అయితే ఇంకా అరగంట వేచి ఉండవలసిందే. గడియారములో తప్పేమీ లేదు. అది చూపుతున్నది సికింద్రాబాదు కాలము కాదు. ఈ తేడాను స్వయముగా కొలిచిన విద్యార్థికి రేఖాంశమంటే ఏమిటో నిర్వచనము వల్లించకుండానే తెలుస్తుంది.

భూమి తన చుట్టూ తాను 360 డిగ్రీలు తిరగడానికి 24 గంటలు పడుతుంది. అనగా ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషాలు. భారత ప్రామాణిక కాలమునకు 1906 జనవరి 1 నుండి ఆధారమైనది 82°30′ తూర్పు రేఖాంశము. అది కాకినాడ సమీపముగా పోతుంది. సికింద్రాబాదు మీదుగా పోయేది 78°30′. తేడా సరిగా 4 డిగ్రీలు. కనుక అక్కడ మధ్యాహ్నమైన 16 నిమిషాలకు గాని ఇక్కడ కాదు.

అయితే ప్రతిదినమూ ఈ 16 నిమిషాలే కనబడవు. భూకక్ష్య కచ్చితమైన వృత్తము కాదు. భూమి అక్షము కూడ ఒరిగి ఉన్నది. అందువల్ల సూర్యుడు గడియారము కంటె ఒకప్పుడు ముందుగాను, ఒకప్పుడు వెనుకగాను నడుస్తాడు. నవంబరు మొదటి వారములో సుమారు 16 నిమిషాలు ముందుంటాడు గనుక ఆ కొద్దిరోజులు మాత్రము సికింద్రాబాదులో సూర్యునికీ గడియారానికీ రాజీ కుదురుతుంది. ఫిబ్రవరిలో 14 నిమిషాలు వెనుకబడతాడు; రెండు ఆలస్యములూ కలిసి అరగంట అవుతాయి.

పరీక్షకు కావలసినవి పాఠశాల ఆవరణలో చదునైన నేల, మీటరు పొడవుగల కడ్డీ. పూర్వ ఖగోళ గ్రంథములలో దీనికి శంకువని పేరు. దారానికి గుండు కట్టి కడ్డీ నిలువును సరిచూడాలి. నీడ అతి పొట్టిగా ఉన్న క్షణమే స్థానిక మధ్యాహ్నము. కాని ఆ వేళకు నీడ పొడవు మారుతున్నట్లే కనబడదు. క్షణమును పట్టుకొనడము కష్టము. దిక్కులు కనుగొనడానికి సూర్యసిద్ధాంతములో చెప్పిన ఉపాయము ఇక్కడ పనికివస్తుంది. కడ్డీ మొదలు కేంద్రముగా నేలపై వృత్తము గీసి, నీడ కొన ఉదయము వృత్తమును తాకిన చోటు, పొద్దు వాలిన తరువాత తిరిగి తాకిన చోటు గుర్తు పెట్టాలి. ఆ గుర్తులను కలిపిన గీత తూర్పు పడమరలు చూపుతుంది. ఆ రెండు వేళలకు నడిమి వేళ మధ్యాహ్నము.

మార్చి 21న అది గడియారములో 12 గంటల 23 నిమిషాలకు వస్తుంది. ఆనాడు సూర్యుడు వెనుకబడిన 7 నిమిషాలు తీసివేస్తే 16. నాలుగుతో భాగిస్తే 4 డిగ్రీలు. ఆనాటి మధ్యాహ్నపు నీడ దాదాపు 31 సెంటీమీటర్లు. దానిని కడ్డీ పొడవుతో భాగించి, వచ్చిన విలువ ఏ కోణపు టాంజెంటో పట్టికలో చూస్తే 17 డిగ్రీల పైచిలుకు అక్షాంశము దొరుకుతుంది. మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతములో మధ్యాహ్నము కడ్డీకి నీడే ఉండదు.

ఈ కొలత ఎంత నమ్మదగినది? నీడలో ఒక సెంటీమీటరు పొరపాటు అక్షాంశములో అర డిగ్రీ, అనగా సుమారు 58 కిలోమీటర్లు. వేళలో ఒక్క నిమిషము పొరపాటు రేఖాంశములో 15′. ఇక్కడ అది 26 కిలోమీటర్ల పైమాట. భారత సర్వేక్షణ శాఖ వారి 1:50,000 పటము ఒక్కొక్కటి సరిగ్గా 15′ వెడల్పు గలది. గడియారము నిమిషము తప్పితే ఊరు ఒక షీటు దాటి పక్క షీటులోకి పోతుందన్నమాట. సికింద్రాబాదుకు అంత తప్పు కూడ అక్కరలేదు. 56 కె/7, 56 కె/11 అనే రెండు షీట్లకు 78°30′ రేఖే సరిహద్దు. ఒక్క షీటు తెప్పించుకున్న ఉపాధ్యాయునికి సగము ఊరే దొరుకుతుంది. రెండూ తెప్పించి అంచులు కలిపి అతికించుకోవాలి.

ఆ పటములకు మూలమైన కొలతలు నీడలతో చేసినవి కావు. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు వద్ద ఒక ఆధారరేఖను ఉక్కు గొలుసుతో నేలపై కొలిపించాడు. త్రిభుజములో ఒక భుజము, కోణములు తెలిస్తే తక్కిన భుజములు లెక్కకు వస్తాయి గదా. అర టన్ను బరువుగల థియొడొలైటును కొండ నుండి కొండకు మోయించి, త్రిభుజము పక్కన త్రిభుజముగా సర్వేను సాగించాడు. దారిలో చేరే పొరపాటును పట్టుకొనడానికి 1811లో గుత్తి వద్ద, 1815లో బీదరు వద్ద మళ్ళీ నేలనే కొలిపించాడు. లెక్కలో వచ్చిన దూరము, గొలుసుతో వచ్చిన దూరము సరిపోలాలి.

నేటి ఫోను ఉపగ్రహముల సంకేతములు చేరిన కాలమును బట్టి తన స్థానమును లెక్కిస్తుంది. సెకనులో వందకోట్లవ వంతు తేడాకు దూరము 30 సెంటీమీటర్లు మారుతుంది. విద్యార్థులు శంకువుతో వచ్చిన అంకెలను ఫోను చూపే అంకెల పక్కన వ్రాసి, తేడాను కిలోమీటర్లలోకి మార్చి చూడవచ్చు. ఒక షీటు వెడల్పు లోపల పడితే మంచి కొలతే.