ఒకటి చెప్పి రెండు దాచకండి



"సిస్టర్, మా అమ్మాయి అన్నం తినడం లేదు, ఒక సెలైన్ పెట్టి పంపండి" అని తల్లులు అడుగుతుంటారు. కాసేపు కూర్చోబెట్టి మాట్లాడితే ఇంకా రెండు సంగతులు బయటపడతాయి. అమ్మాయి గంటల తరబడి అద్దం ముందు నిలబడి "నా ముక్కు వంకర, నా బుగ్గలు లావు" అని ఏడుస్తుంది. చేతులు పదే పదే కడుగుతుంది. ఇంట్లోవారు దీనిని చాదస్తం అనుకుని డాక్టరుగారికి చెప్పరు.

నిజానికి ఇవి మూడు జబ్బులు: ఓ.సి.డి., రూపం గురించిన అతి చింత (బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్), తిండికి సంబంధించిన జబ్బు (అనొరెక్సియా లేక బులీమియా). ఇవి ఒకే మనిషిలో కలిసి రావడం అరుదు కాదు. మగపిల్లలకూ వస్తాయి.

ఎందుకు కలిసి వస్తాయి?

మూడింటిలో జరిగేది దాదాపు ఒకటే. ముందు ఒక ఆలోచన, దాని వెంట భయం. భయం తగ్గడానికి ఒక పని: కడగడం, అద్దం చూడడం, బరువు తూచుకోవడం, తిన్నది కక్కడం. కాసేపు నెమ్మది, మళ్ళీ అదే ఆలోచన. ఆకలి దీనిని ఇంకా పెంచుతుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు దాదాపు ఆరు నెలలు అరకడుపు భోజనం పెట్టి చూశారు. వారిలో అనేకులు రాత్రింబగళ్ళు తిండి గురించే ఆలోచిస్తూ, కొద్దిపాటి భోజనాన్ని చాలాసేపు తినసాగారు.

చికిత్స ఎలా?

1. ముందు శరీరం. నాడి, బి.పి., రక్తంలో లవణాలు, ఇ.సి.జి. చూస్తారు. చాలాకాలం తిననివారికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టకూడదు. రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయి గుండెకు ప్రమాదం. డాక్టరు చెప్పినట్లు మెల్లగా పెంచాలి.

2. మాటల చికిత్స. భయపడే పనిని కొద్దికొద్దిగా చేయించి, తరువాత కడగకుండా, అద్దం చూడకుండా ఉండడం నేర్పుతారు.

3. మందులు. ఫ్లూఆక్సెటీన్ వంటివి ఓ.సి.డి.లో పనిచేయడానికి 8 నుండి 12 వారాలు పట్టవచ్చు. మధ్యలో మానవద్దు. బాగా చిక్కిపోయినవారికి మాత్రం మొదటి మందు అన్నమే.

మూడింటినీ ఒకే వైద్యబృందం చూడాలి. ఒకటే నయం చేస్తే మరొకటి తల ఎత్తవచ్చు.

ఇంట్లోవారు

"నేను బాగున్నానా?" అని యాభైసార్లు అడిగితే యాభైసార్లు జవాబివ్వవద్దు. అదీ చేతులు కడగడం లాంటిదే. "నీకు భయంగా ఉందని తెలుసు. పక్కనే కూర్చుంటాను, కలిసి తిందాం" అనండి. ముక్కు ఆపరేషన్‌కు తొందరపడవద్దు. ఈ జబ్బులో దానివల్ల సాధారణంగా తృప్తి కలగదు. శ్రమల దినాలలో ఈ పిల్లలచేత ఉపవాసం చేయించవద్దు. పాస్టరు గారికి చెప్పండి, అర్థం చేసుకుంటారు. ఇది విశ్వాసలోపం కాదు.

సొమ్మసిల్లినా, గుండెదడ వచ్చినా, రక్తం కక్కినా, "చచ్చిపోతాను" అన్నా ఆ రాత్రే క్యాజువాలిటీకి తీసుకురండి. మాట్లాడడానికి 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలి-మానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వెళ్ళడంలోనూ సిగ్గేమీ లేదు.

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు తిండి సంగతి, అద్దం సంగతి, చేతుల సంగతి మూడూ చెప్పండి. చికిత్స అక్కడినుండే మొదలవుతుంది.

— నర్సింగ్ సూపరింటెండెంట్