డ్రాక్యులాని పట్టించింది ఎవరు?

డ్రాక్యులా అనగానే మీ కళ్ళముందు ఎవరు మెదులుతారు? నల్లటి పొడవాటి అంగీ, నున్నగా వెనక్కి దువ్విన జుట్టు, పెదవుల చివర రెండు కోరలు... అంతేనా? బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన నవల తెరిస్తే మాత్రం ఆశ్చర్యపోతారు. మొదట కనిపించేది తెల్లటి మీసాలున్న ఓ పొడుగాటి ముసలాయన. అరచేతుల్లో వెంట్రుకలు! అంత పెద్ద కోటలో ఒక్క పనివాడూ లేడు. అతిథికి పక్క వేసేదీ, భోజనం బల్ల సర్దేదీ కూడా ఆ రక్త పిశాచే.

ఇక వెల్లుల్లి సంగతి. లూసీ అనే అమ్మాయి రోజురోజుకీ పాలిపోతుంటే, డాక్టర్ వాన్ హెల్సింగ్ ఆమె గది నిండా వెల్లుల్లి పూలు పెట్టిస్తాడు. ఎందుకో తల్లికి మాత్రం చెప్పరు. ఆవిడది గుండెజబ్బు, కంగారుపడుతుందని. పాపం, ఆ తల్లి రాత్రి గదిలోకొచ్చి, ఈ ఘాటుకి పిల్లకి ఊపిరాడదేమోనని పూలన్నీ తీసేసి కిటికీ తెరుస్తుంది! ముందే ఓ మాట చెప్పి ఉంటే తీసేదా, మీరే చెప్పండి.

ఇంత జరిగినా ఆ మగవాళ్ళకి బుద్ధి రాలేదు. లూసీ స్నేహితురాలు మీనా స్కూల్ టీచరుగా పనిచేసిన మనిషి. షార్ట్‌హ్యాండ్, టైపు వచ్చు. రైళ్ళ వేళలు నోటికొచ్చు. అందరి డైరీలూ, ఉత్తరాలూ సేకరించి, తేదీల వారీగా టైపుకొట్టి పెడితేగాని డ్రాక్యులా ఎత్తులు ఎవరికీ అర్థం కాలేదు. పని పూర్తవగానే ఏమన్నారో తెలుసా? ఇక ఇది ఆడవాళ్ళ పని కాదు, నువ్వు విశ్రాంతి తీసుకో అన్నారు! సరిగ్గా ఆ రాత్రుల్లోనే డ్రాక్యులా ఆమె దగ్గరికి వచ్చాడు. ఆ తర్వాతే మళ్ళీ ఆమెని కలుపుకున్నారు. తనని హిప్నటైజ్ చేసి అతని జాడ కనుక్కోమన్నదీ, అతని పెట్టె ఏ నది మీద వెళ్తోందో లెక్కగట్టి చెప్పిందీ మీనాయే.

మరి సినిమాల్లో ఈ మీనా ఏమైంది? 1931 సినిమాలో అందరూ బేలా లుగోసీనే చూశారు. ఆ అంగీ, ఆ యాసా ఆయన చలవే. అన్నట్టు, అందులో కోరలు ఒక్కసారీ కనిపించవు! మీనా అందులో డాక్టరుగారి అమ్మాయి. టైపు లేదు, లెక్కలు లేవు, ఎవరో వచ్చి కాపాడాలి. 1958లో క్రిస్టఫర్ లీ వచ్చాక రంగులు, కోరలు, ఎర్రటి రక్తం... భయమంటే అదీ. అందులో మీనా ఓ గృహిణి. భర్త, డాక్టరు రాత్రంతా ఇంటి బయట కాపలా కాస్తారు. శవపేటికేమో వాళ్ళింటి నేలమాళిగలోనే ఉంటుంది! పనమ్మాయిని అటు వెళ్ళొద్దని చెప్పింది కూడా ఆ ఇల్లాలే. 1992లో కొప్పోలా సినిమా పేరులోనే స్టోకర్ పేరు పెట్టుకుంది గాని, మీనాని డ్రాక్యులా గతజన్మ భార్యని చేసింది. పునర్జన్మ కథలు మనకి కొత్తా! నవలలో మాత్రం ఆ ప్రేమకథ లేనేలేదు.

నన్నడిగితే వీటన్నిటికంటే పాతదే మేలు. 1922లో జర్మనీలో మూర్నౌ తీసిన 'నోస్‌ఫెరాటు'. మాక్స్ ష్రెక్ వేసిన ఆ బోడిగుండు పిశాచాన్ని చూస్తే ప్రేమ అన్న మాటే గుర్తుకు రాదు. హీరోయిన్ ఎలెన్ తన ప్రాణం ఒడ్డి, కోడి కూసేదాకా దాన్ని తన దగ్గరే నిలబెడుతుంది. ఎండ తగిలి అది మాయమవుతుంది. నవలలో డ్రాక్యులా పట్టపగలు లండన్ వీధిలో తిరుగుతాడు. ఎండతో చావడమనేది ఈ సినిమా పెట్టిన ముచ్చటే.

ఈ సినిమా వెనక కూడా ఓ ఇల్లాలుంది. పేర్లు మార్చి, అనుమతి అడక్కుండా తీసేశారని స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కోర్టుకెక్కింది. భర్త పోయి అప్పటికి పదేళ్ళు. అయినా వదల్లేదు. 1925లో ప్రతులన్నీ నాశనం చెయ్యాలని తీర్పు తెచ్చుకుంది. ఎక్కడో కొన్ని మిగిలాయి కాబట్టి మనం చూడగలుగుతున్నాం. మూకీ చిత్రం, భాష బెడద లేదు. కాకపోతే పిల్లలు పడుకున్నాక పెట్టుకోండి.